జిగురు ఆరేదాకా

పిడి చేతిలోకి వచ్చేసింది. మొన్న తనే అతికించి, ఆరబెట్టి, ఇంట్లోవాళ్ళని పిలిచి మరీ తిప్పి చూపించి, "నేను పోయాక కూడా ఇది ఉంటుంది, రాసిపెట్టుకోండి" అని డాబుగా చెప్పిన తెల్ల ప్లాస్టిక్ పిడి, మెడ దగ్గర పుటుక్కున విరిగి ఆయన గుప్పిట్లో కూర్చుంది. తలుపు మాత్రం నిక్షేపంగా మూసుకునే ఉంది. స్నానాలగదిలో ఆయన ఒక్కడూ. ఒంటిమీద బనీను, నడుముకి తువ్వాలు, ఒక చెంప నున్నగా, రెండో చెంప మీద ఇంకా నురగ. కొత్త బ్లేడు తెచ్చుకుందామని తలుపు తియ్యబోతే ఇదీ సంగతి. విరిగిన మెడ ముక్క తలుపులోని ఇనప కడ్డీకి అంటుకుని లోపలే ఉండిపోయింది. రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పబోయాడు, జారింది. తువ్వాలు కొసతో పట్టుకుని తిప్పాడు, జారింది. అవతలి వైపు పిడి బాగానే ఉంది. దానికేం రోగం, అది ఇనపది. ఒక్క కేక వేస్తే చాలు, ముందు గదిలో ఉన్న కూతురు వచ్చి బయట నుంచి తిప్పితే తలుపు తెరుచుకుంటుంది. నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. ఇది విరగడం మూడోసారి. "నాన్నా, కొత్తది వేయించెయ్యరాదూ" అని మొన్న కూతురు అంటే, "కొత్తది ఎవడైనా కొంటాడే పిచుకా, పగిలినదాన్ని నిలబెట్టేవాడే మొనగాడు" అన్నాడు. ఇప్పుడు ఆ మొనగాడు సగం గడ్డంతో లోపల ఉండి తలుపు తియ్యవే అని పిలవాలి. పరువేం కావాలి! చిన్నప్పుడు ఒక్క క్షణం నోరు మూసుకునేది కాదని పిచుక అని పేరు పెట్టుకున్న పిల్ల, ఇవాళ ఆ గదిలో ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దంగా పెట్టె సర్దుకుంటోంది.

ఐదింటికి అల్లుడు వస్తాడు. రమ్మని కబురు పెట్టింది తనే. పిల్ల పుట్టింటికి వచ్చి నెలలు గడిచాయి, ఇరుగుపొరుగు అడగడం మొదలుపెట్టారు, అడగడం మానేశారు కూడా. అడిగినప్పటికంటే మానేశాకే ఆయనకి ఎక్కువ కష్టంగా ఉంది. అందుకే నాలుగు రోజుల కిందట ఫోన్ చేసి, "జరిగిందేదో జరిగింది అల్లుడుగారూ, వచ్చి తీసుకెళ్ళండి, నేను పంపిస్తాను, నా మాట" అన్నాడు. ఆ తర్వాత కూతురికి చెప్పాడు. ఆ పిల్ల అవునూ అనలేదు, కాదూ అనలేదు. అన్నం తింటున్నది కాసేపు ఆగి, మళ్ళీ తింది. ఒప్పుకున్నట్టే కదా అనుకుని, హుషారుగా ఆమె పెట్టె పని పట్టాడు. నల్ల పెట్టె, వచ్చిన రోజున దాని మోత పిడి సగానికి పగిలి ఉంది, రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని మోసుకొచ్చింది. వీపుమీద ఇంటిని మోసే నత్తలా మెట్లెక్కి వచ్చిన పిల్లని చూసి ఆయన మొదట అడిగిన మాట, "పిడి ఏమైందమ్మా?" అదే అడిగాడు. మనిషికేమైందని అడగలేదు. ఛ, అడిగే ఉంటాడు, తర్వాత ఎప్పుడో అడిగే ఉంటాడు. ఆ పెట్టె పిడికి మంచి జిగురు చేశాడు, అదే పెట్టె అడుగున విరిగి వేలాడుతున్న నల్ల ముక్కని తరిగి, కరిగించి. భేషుగ్గా అతికింది. చిక్కల్లా అక్కడే వచ్చింది. గిన్నె అడుగున రెండు చెంచాల జిగురు మిగిలింది. మిగిలినదాన్ని పారేసే చెయ్యి కాదు ఆయనది. ఏ ప్లాస్టిక్ పగిలితే ఆ ప్లాస్టిక్కే కరిగించి రాయాలి, ఒకదాని జిగురు ఇంకోదానికి పట్టదు, పట్టినట్టు నటిస్తుంది అంతే అని కాలనీలో కనిపించిన ప్రతివాడికీ పాఠం చెప్పే మనిషి, ఆ నల్ల జిగురు ఎండిపోతుందన్న బెంగలో తలుపు పిడికి పూసేశాడు. ఇప్పుడు చూస్తే విరిగిన చోట ఆ నల్ల పొర పాలమీద మీగడలా గోటికి లేచి వస్తోంది. ఎక్కడా పట్టుకోలేదు. లోకానికి చెప్పిన నీతి ఇంటికి పనికిరాలేదు, అందుకు శిక్ష ఇదిగో.

సరే, కూర్చుని ఏడిస్తే తలుపు తెరుచుకోదు. అరలో వెతికాడు. కూతురు గోళ్ళరంగు తుడుచుకునే మందు సీసా ఉంది, సగానికి పైనే ఉంది, వచ్చినప్పటి నుంచి ముట్టుకున్నట్టు లేదు. అదృష్టం. ఆ మందుకి లొంగని గట్టి ప్లాస్టిక్ తక్కువ. పిడి వెనకాల ఉండే గుండ్రటి బిళ్ళ సగం ఊడి వేలాడుతోంది, దాన్ని లాగేశాడు. అది పిడితో పుట్టినదే, తోబుట్టువు లెక్క. చెంబు అడుగుతో నెమ్మదిగా, చప్పుడు బయటికి పోకుండా తువ్వాలు కొసలో చుట్టి మరీ చితక్కొట్టాడు. పాత బ్లేడుతో సన్నగా గీరాడు. పళ్ళు తోముకునే బ్రష్షులు పెట్టే స్టీలు గ్లాసు ఖాళీ చేసి, ఆ తురుము అందులో పోసి, మందు నాలుగు చుక్కలు, ఇంకో నాలుగు. ప్లాస్టిక్ గ్లాసులో కలపకూడదు, గ్లాసే కరిగిపోతుంది. ఆ సంగతి ఆయన నేర్చుకున్నది బల్లమీద. పెళ్ళినాటి బల్ల, దానిమీద అరచేతంత మచ్చ, ఇప్పటికీ భార్య దానిమీద గుడ్డ పరిచి ఎవరైనా రాగానే గుడ్డ తీసి చూపిస్తుంది: "మా ఆయన పాండిత్యం." బ్రష్షు తోకతో కలుపుతుంటే తురుము ముందు ఉబ్బి, తర్వాత మెత్తబడి, మెల్లగా అంబలిలా అయింది. వాసన గుప్పుమని ముక్కులో దూరి నెత్తికెక్కింది. పైన ఉన్న చిన్న కిటికీ అద్దాల పలకలు ఎంతమేర వెళ్తే అంతమేర తెరిచాడు, అవి చేతివేలు దూరేంత కూడా తెరుచుకోలేదు, వాటి మరకి పట్టిన తుప్పు ఎప్పటిదో. రెండు వైపులా నల్ల పొర గీకేసి, కొత్త జిగురు పూసి, పిడిని మెడ ముక్కకి ఆనించి అదిమి పట్టుకున్నాడు. గంట పట్టాలి. పూట పడితే మరీ మంచిది, కానీ పూట ఎక్కడుంది, అల్లుడు వచ్చేస్తాడు. ఈ గంటలో వేలు కదపకూడదు, చెయ్యి మార్చకూడదు, తుమ్మకూడదు. కదిపితే లోపల కంటికి కనపడని గీత పడుతుంది, తర్వాత ఎన్నేళ్ళయినా అక్కడే విరుగుతుంది.

ఓపిక ఆయనకి కొత్త కాదు. ముప్పై ఏళ్ళు పుస్తకాలకి అట్టలు కట్టాడు. పొద్దున పిండి జిగురు ఉడకబెట్టి, కాగితాల వెన్నులకి పూసి, చెక్కల మధ్య బిగించి వదిలేస్తే సాయంత్రానికి పుస్తకం. అక్కడి పెద్ద మేస్త్రీ అనేవాడు, "జిగురు పూసినోడు ఆత్రపడకూడదు, ఆత్రపడేవాడు జిగురు పూయకూడదు." చెక్క బిగించాక పుస్తకాన్ని అడగం కదా, నీకు నొప్పిగా ఉందా అని. ఊరికే అలా అనిపించింది, ఈ వాసనకి బుర్ర తిరుగుతున్నట్టుంది. ఆ పని పోయాక చేతులు ఊరుకోలేదు, ఇంటిమీద పడ్డాయి. ఈ గదిలోనే చూడు: మగ్గు చెవి తను అతికించిందే, బకెట్ అంచు, సబ్బుపెట్టె మూత, అద్దం చుట్టూ ఉన్న నీలం చట్రం, అన్నిటికీ గాయాల మీద ఎండిన పక్కుల్లాంటి గీతలు. "మా ఇంట్లో అతకనిది నా నుదురొక్కటే" అంటుంది భార్య, నవ్వుతూనే అంటుంది. కాలనీ పిల్లలకి ఆయన జిగురు తాతయ్య. కారు బొమ్మ చక్రం, కళ్ళజోడు కాడ, అన్నీ పట్టుకొస్తారు. ఏదీ కాదనలేదు. ఇది పనికిరాదు, పారెయ్యండి అని జీవితంలో ఒక్క వస్తువు గురించీ అనలేదు, అదొక గొప్పగా చెప్పుకున్నాడు. మొన్న పెట్టె పిడిని గంటసేపు ఒళ్ళో పెట్టుకుని అదిమి కూర్చుంటే, కూతురు గుమ్మానికి ఆనుకుని చూసి చూసి, "అతుక్కునేదాకా నువ్వు పట్టుకుంటావు నాన్నా. తర్వాత?" అంది. "తర్వాత ఏముందమ్మా, తర్వాత అదే ఉంటుంది" అన్నాడు. పిడి గురించే అడిగిందనుకున్నాడు. నిజంగానే అలా అనుకున్నాడా?

బొటనవేలు తిమ్మిరెక్కుతోంది. కుళాయి చుక్క పడుతోంది, పడి ఆగుతోంది, ఆగిందనుకుంటే పడుతోంది. ఈ గది ఇంత చిన్నదా? రోజూ వచ్చి పోయే గదే, ఎన్నడూ చిన్నగా కనిపించలేదు. పోవాలనుకున్నప్పుడు పోవచ్చు కాబట్టి కనిపించలేదు. చెయ్యి చాపితే ఆ గోడ, తల తిప్పితే ఈ గోడ, పైన గీతంత వెలుగు. నురగ ఆరి చెంప బిగుసుకుపోయి దురద పెడుతోంది, గోకడానికి చెయ్యి లేదు. గుండె కొంచెం గట్టిగా కొట్టుకుంటోంది. ఎందుకురా భయం, ఇది నీ ఇల్లు, అవతల నీ కూతురు, ఒక్క కేక దూరం. అయినా భయం వేస్తోంది. బయటికి పోవాలి, ఇప్పుడే, ఈ క్షణమే పోవాలి అని కాళ్ళలో ఏదో పాకుతోంది. నీళ్ళు తాగాలని కూడా ఉంది. తలుపుకి నుదురు ఆనించాడు. చెక్క చల్లగా ఉంది. అవతల గదిలో ఏదో కదిలిన చప్పుడు, బీరువా తలుపు కాబోలు, ఆ తర్వాత మళ్ళీ ఏమీ లేదు. ఒక్క పూటేగా, అనుకున్నాడు, గంటేగా. అనుకోగానే తలుపు మీంచి నుదురు తీసేశాడు. ఈ మాట తను ఇదివరకు అన్నాడు. ఇదే గొంతుతో అన్నాడు.

అన్నాడు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని అన్నాడు, ఎందుకంటే రెండు చేతుల్లో మిక్సీ మూత ఉంది. పొద్దున పదయి ఉంటుంది. "నాన్నా, ఆయన బయట గడియ పెట్టి తాళం వేసుకుని పోయారు" అంది పిచుక. "మరిచిపోయి వేసుంటాడమ్మా." "మరిచిపోయి కాదు నాన్నా. రోజూ వేస్తున్నారు." మూత రెండు చెక్కలూ అప్పుడే ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయి, వదిలితే పోతుంది. "దొంగల భయం అనుకుంటా. నీ మంచికేగా. ఒక్క పూటేగా, కాస్త పడుకో. నా చేతులు ఖాళీగా లేవు, తర్వాత చేస్తాను" అన్నాడు. చేతులు ఖాళీ అయ్యాక మూతని వెలుగులో పెట్టి చూసుకుని మురిసిపోయాడు. ఫోన్ చేశాడా? చేశాడు, సాయంత్రం. అప్పటికి అల్లుడు ఇంటికి వచ్చేశాడు, "అంతా బాగానే ఉంది నాన్నా" అంది. బాగానే ఉందంటే బాగానే ఉందనుకున్నాడు. ఆ మూత ఈనాటికీ చెక్కు చెదరలేదు. దాన్ని చూసినప్పుడల్లా ఎంత గర్వపడ్డాడో! పెట్టె పొట్టకి ఆనించుకుని వచ్చేసిన తర్వాత, ఒకరోజు అడిగాడు, కొంచెం కోప్పడుతూనే అడిగాడు: "అంత ఇబ్బందిగా ఉంటే పక్కింటివాళ్ళని పిలవొచ్చుగా? గోడ అవతలే ఉన్నారుగా?" పిల్ల చాలాసేపు గోళ్ళు చూసుకుని చెప్పింది. "పిలుద్దామనే అనుకునేదాన్ని నాన్నా. పక్కావిడ గుమ్మం ముందు చెప్పులు విప్పే చప్పుడు వినపడేది. నోరు తెరిచేదాన్ని. సిగ్గేసేది." ఆయనకి నవ్వొచ్చింది, నిజంగా నవ్వాడు. "తాళం వేసింది వాడైతే సిగ్గు నీకెందుకే పిచ్చిదానా?" అన్నాడు. ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. నోరు తెరవడం, మూసుకోవడం. బయటివాళ్ళు వచ్చి తలుపు తీసి, లోపల ఉన్న మనిషిని చూస్తారు. ఆ చూపుకి సిగ్గు. తనది సొంత ఇల్లు, ఒక్క గంట. ఆ పిల్లది ఎన్ని పూటలు?

వీధి తలుపు చప్పుడైంది. భార్య వచ్చింది, అల్లుడి కోసం పళ్ళు తేవడానికి పోయిన మనిషి. సంచి బల్లమీద పెట్టిన చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు. "మీ నాన్న ఏరీ?" "కనపళ్ళేదమ్మా. బయటికెళ్ళినట్టున్నారు." "అల్లుడొచ్చే వేళకి ఎక్కడో ఏదో అంటించడానికి పోయుంటారు, ఆయన సంగతి తెలిసిందేగా." ఇదిగో ఇక్కడున్నానే అనాలి. అనలేదు, ఇప్పుడంటే ఇంతసేపూ ఏం చేస్తున్నావని అడుగుతుంది. ఆ తర్వాత మాటలు దగ్గరికి వచ్చాయి, తల్లీకూతుళ్ళు ఈ తలుపు పక్కనే ఉన్న చిన్నగదిలోకి వచ్చినట్టున్నారు, ఆయన పనిముట్లు ఉండే గది. కూతురి పెట్టె నేలకి ఆనింది, ఇనప డబ్బా మూత తెరుచుకుంది. ఆ చప్పుడు ఆయనకి నిద్రలో వినిపించినా తెలుస్తుంది. "ఇదేంటే, మీ నాన్న స్క్రూడ్రైవర్ పెట్టెలో పెట్టుకుంటున్నావు?" "నాన్నకి చెప్పకమ్మా." "ఎందుకే నీకది?" కుళాయి చుక్క పడింది. "అక్కడ బయటి గడియని పట్టుకునే చిలుకుకి నాలుగు మరలున్నాయమ్మా. రెండింటి మొనలు లోపలివైపుకి పొడుచుకొచ్చాయి. ఎటైనా తిప్పి వదులు చెయ్యగలనేమో చూస్తాను. ఎప్పుడైనా, మరీ ఊపిరాడనప్పుడు." భార్య ముక్కు ఎగపీల్చిన చప్పుడు. "మీ నాన్న మాటిచ్చేశారు" అంది, అంతే అంది. "నాకు తెలుసు. నేనేం అనట్లేదుగా" అంది పిచుక.

మొనల వైపు నుంచి మర రాదమ్మా. ఇదే మొదట వచ్చిన ఆలోచన, సిగ్గులేని ఆలోచన, పనివాడి ఆలోచన. తల అవతలివైపు ఉంటే ఇవతలి నుంచి ఎంత తిప్పినా రాదు, చేతులు కోసుకుపోతాయి. అది తెలియక తీసుకుపోతోంది నా పిల్ల. తెలిసినా తీసుకుపోతుందేమో, చేతిలో ఏదో ఒకటి ఉండాలిగా. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మందు వాసనకి అనుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది. పగులు చివర చిన్న బెజ్జం పెడితే పగులు అక్కడితో ఆగుతుంది, పెట్టకపోతే పాకుతూనే ఉంటుంది, పైన ఎంత జిగురు పూసినా లోపల్లోపల పాకుతుంది. ఇది కూడా అందరికీ చెప్పాడు. ముందు ఆపాలి, అతికించడం తర్వాత. అసలు అన్నీ అతికించాలా? ఎవరు చెప్పారు? ఏ మేస్త్రీ చెప్పాడు? ఇది పనికిరాదు, పారెయ్యండి అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి అనడానికి ఈ నోటికేమొచ్చింది?

బండి ఆగింది వీధిలో. గేటు కిర్రుమంది. "రండి రండి" అంటోంది భార్య, ఆ గొంతు ఆమెది కాదు, ఎవరో అరువిచ్చినట్టుంది. "మామయ్యగారు లేరా అత్తయ్యా?" "ఇప్పుడే వస్తారు, కూర్చోండి." "కూర్చునే టైం లేదు, చీకటి పడేలోపు ఇంట్లో ఉండాలి. పెట్టె సర్దావా? ఏదీ, ఇదేనా?" గంట అయిందో లేదో తెలియదు. పిడిమీద చెయ్యి అలాగే ఉంది. మెల్లగా, చాలా మెల్లగా వేళ్ళు సడలించి చూశాడు. పిడి నిలబడే ఉంది. గోటితో తాకాడు, గట్టిగానే ఉంది. పట్టింది! తోబుట్టువు ముక్కతో చేసిన జిగురు కదా, పట్టక ఏం చేస్తుంది. ఇప్పుడు మెత్తగా తిప్పితే తలుపు తెరుచుకోవచ్చు. మొహం కడుక్కుని, ఏమీ జరగనట్టు, "అరెరె, ఎప్పుడొచ్చారు అల్లుడుగారూ" అంటూ నడిచి వెళ్ళొచ్చు. ఎవరికీ తెలియదు. పిల్లని బండి దాకా దిగబెట్టి చెయ్యి ఊపొచ్చు. చెయ్యి పిడిమీద వేసి అలాగే నిలబడ్డాడు. ఆ తర్వాత చెయ్యి తీసేశాడు.

"పిచుకా!" అన్నాడు. తలుపుని అరచేత్తో కొట్టి గట్టిగా అరిచాడు. "పిచుకా! తలుపు తియ్యమ్మా! నేను లోపల ఉండిపోయాను!"

అడుగుల చప్పుడు పరుగున వచ్చింది. అవతలి పిడి తిరిగింది, తలుపు తెరుచుకుంది, గాలి వచ్చి మొహాన తగిలింది. కూతురు నిలబడి చూసింది: బనీను, తువ్వాలు, ఒక చెంప మీద ఎండిపోయిన నురగ, ఎర్రబడ్డ కళ్ళు, స్టీలు గ్లాసులో జిగురు.

"ఎప్పటి నుంచి ఉన్నావు నాన్నా ఇందులో?"

"చాలాసేపయింది."

"పక్కనే ఉన్నాం కదా. పిలవొచ్చుగా?"

"సిగ్గేసిందమ్మా" అన్నాడు.

పిల్ల మొహంలో ఏదో కదిలింది. ఆయన ఆమె తలమీద చెయ్యి వేశాడు, బొటనవేలికి తెల్ల జిగురు అంటుకుని ఉంది. అలాగే, ఆ వేషంతోనే, ముందు గదిలోకి నడిచాడు. భార్య "అయ్యో ఇదేం అవతారమండీ" అంది. అల్లుడు లేచి నిలబడ్డాడు, చేతిలో నల్ల పెట్టె వేలాడుతోంది, పిడి గట్టిగా ఉంది, వంక పెట్టడానికి లేదు.

"పెట్టె కింద పెట్టండి అల్లుడుగారూ. అందులో నా స్క్రూడ్రైవర్ ఉంది."

అల్లుడు నవ్వబోయాడు. "స్క్రూడ్రైవరా? ఇందులోకి ఎందుకొచ్చింది మామయ్యగారూ?"

"మీ తలుపు గడియ విప్పుకోవడానికి మా అమ్మాయి పెట్టుకుంది. ఇక అక్కడ దానికి పని లేదు. మీకు మాటిచ్చింది నేనే, తప్పేది కూడా నేనే. అమ్మాయి రాదు."

పెట్టె నేలమీద ఆనింది. ఆయన ముందుకి వంగి, అందరి ముందూ దాన్ని తెరిచి, మడత పెట్టిన బట్టల మధ్య నుంచి స్క్రూడ్రైవర్ తీసి కూతురి చేతికిచ్చాడు.

"ఆ బాత్రూం పిడి విప్పెయ్యమ్మా. ఇవాళే వెళ్ళి కొత్తది తెచ్చుకుందాం."